పండగ లేని ఏడు

అన్నకు,

చెల్లెలు కమల నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ పాపా బతికే ఉన్నాం. తింటున్నాం, పడుకుంటున్నాం. క్షేమం అనే మాట మాత్రం ఈ జాబులో రాయను. ఆ మాటను మనిద్దరం ఏడు నెలలు ఎట్లా వాడామో నీకు తెలుసు. వదినకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? రేణిగుంటలో ఎండలు ముదిరి ఉంటాయి. మధ్యాహ్నం అంగడి మూసి కాసేపు ఇంట్లో నడుం వాల్చు. నీ మీద ఎంత మంట ఉన్నా ఈ రెండు మాటలు అడగకుండా ఉండలేను. అడిగేశాను. ఇక మిగతాది విను.

పాపకు తెలిసిపోయిందని నేను రాసిన రెండు వరసలకు నీ బదులు జాబు నిన్న అందింది. "ఏమ్మే, ఒగ నెల నోరు కట్టుకోని ఉండలేకపోతివా? బిడ్డ పడవ పని పూర్తయ్యేదాకా ఆగలేకపోతివా?" అని రాశావు. చదవగానే ఆ కాగితాన్ని పొయ్యిలో వేద్దామనుకున్నాను. ఇక్కడ కరెంటు పొయ్యి. కాగితం కాలదు. అందుకే కూర్చుని బదులు రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నేను నోరు కట్టుకోలేదా అన్నా? కొడుకును మట్టిలో పెట్టిన మూడో రోజు నువ్వు నా ముందు కూర్చుని ఏమన్నావు? "పాప బారతి ఇప్పుడే కదమ్మే ఆ దేశం పోయింది. తమ్ముడు పోయినాడని తెలిస్తే అన్నీ వదిలేసి వస్తాది. మళ్ళా పోలేదు. ఎవురికీ ఏమీ రాయద్దు" అన్నావు. నేను తలూపాను. నా ఒంట్లో ఆ రోజు తల ఒక్కటే ఊగేది. నువ్వు పెద్దవాడివి, పిల్లల నాయన పోయినప్పటి నుంచి మా ముగ్గురికీ దిక్కు నువ్వే. నువ్వు చెబితే సరే అనుకున్నాను.

తర్వాత వారం వారం నువ్వు నీలం జాబు తీసుకుని రాసేవాడివి. "రమణకు పరీక్షలు, అందుకే రాయలేదు. రమణ నిన్ను అడిగినానని సెప్పమన్నాడు." చివర నాకు పెన్ను ఇచ్చి, "ఒగ వరస నువ్వు రాయి, అమ్మ సేతిరాత సూస్తే బిడ్డకు నమ్మకం" అనేవాడివి. నేను రాసేదాన్ని. "అందరం బాగున్నాం. రమణ బాగున్నాడు. నువ్వు వేళకు తిను." చెనిక్కాయల మిల్లులో పొద్దంతా కాయలు ఒలిచి వచ్చి, వాడి చొక్కాలు తగిలించిన గోడకు ఆనుకుని కూర్చుని అది రాసేదాన్ని. నోరు కట్టుకోవడమంటే అది కాదా? ఇంకా ఎంత కట్టుకోవాలి?

పాప పంపిన టికెట్టుతో మద్రాసులో విమానం ఎక్కించేటప్పుడు కూడా "మెల్లిగా సెప్పు, నెల పోనీ" అన్నావు. ఆ మాటను మూట కట్టుకుని ఇంత దూరం వచ్చాను. పాప నన్ను చూసి పరుగెత్తుకుని వచ్చి పట్టుకుని మొదట అడిగింది, "రమణ ఎంత ఎత్తు ఎదిగినాడు మా? నీ బుజం దాటినాడా?" అని. ఎప్పుడో దాటాడని చెప్పాను. నేను చెప్పిన వాటిలో అదొక్కటే నిజం.

ఈ ఊరి గురించి వదిన అడిగిందని రాశావు, చెబుతాను. ఇది స్కాట్లండు దేశం. ఇళ్ళన్నీ బూడిద రంగు రాళ్ళవి. వీధి చివరే సముద్రం. ఎండ కనిపించిన రోజు అందరూ పండగలాగా బయటికి వస్తారు. ఉతికిన బట్ట మూడు రోజులకు కూడా ఆరదు. రెండు స్వెటర్లు వేసుకుని, మేజోళ్ళ మీద మన హవాయి చెప్పులు తొడుక్కుని నేను రేవుకు పోతే చేపలు కడిగే ఆడవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. పాప తన చేపల చదువు కోసం వాళ్ళ పడవల్లోనే పోతుంది. వలలో పడిన చేపలను కొలుస్తుంది, తూస్తుంది, కొన్నిటి తలలు కోసి తెచ్చుకుంటుంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతుల నిండా పొలుసులు. చిన్నప్పుడు సూళ్ళూరుపేట దగ్గర పులికాటు చెరువుకు పోయి, ఇంటికి రానని ఏడ్చిన పిల్ల ఇట్లా తయారైంది. దీన్ని పంపించింది నువ్వూ కాదు, నేనూ కాదు. రమణే. "నువ్వు పోక్కా, అమ్మను నేను సూసుకుంటా" అని ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రేణిగుంట స్టేషనుకు మోసింది వాడే. అట్లాంటి వాడి చావును దానికి దాచాం.

ఇక ఎట్లా బయటపడిందో చెబుతాను. నేనేమీ తొందరపడి వాగలేదు.

నేను వచ్చిన పదో రోజుకు ఉగాది. పాప ముందే రాసింది కదా, ఎండు వేపపువ్వు తెమ్మని. నేను తేలేదు. బెల్లం తెచ్చాను, చింతపండు తెచ్చాను, అప్పడాలు తెచ్చాను, వేపపువ్వు మీదికి మాత్రం చెయ్యి పోలేదు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ లేదు కదా. మరిచిపోయానని చెప్పాను. అది నన్ను ఒక చూపు చూసి, "నువ్వా మరిసిపోయింది?" అని నవ్వింది. పండగ రోజు పనికి సెలవు పెట్టింది. ఇక్కడి పుల్లటి ఆపిలు కాయ తరిగి, ఏదో చేదు ఆకు దంచి, బెల్లం, చింతపండు కలిపి తనే పచ్చడి చేసింది. నాకు కొత్త చీర కొని పెట్టింది. "తలకు పోసుకో మా, నీళ్ళు కాగినాయి" అంది. నేను తల నొప్పని చెప్పి ఒళ్ళు మాత్రం కడుక్కుని పాత చీరే కట్టుకున్నాను. అది గిన్నె తెచ్చి స్పూనుతో నా నోటి దగ్గర పెట్టింది.

"తిను మా. నువ్వు ముందు తింటేనే నేను తినేది."

నేను ముఖం తిప్పుకున్నాను అన్నా. అది నేను చేసింది కాదు. మెడ తనకు తానే తిరిగింది. బిడ్డ పోయిన ఏడు ఆ పచ్చడి ఏ తల్లి నోట్లో దిగుతుంది? "ఈ ఏడు మనకు పండగ లేదు పాపా" అనే మాట నా నోట్లోంచి రాలిపోయింది.

స్పూను అట్లాగే పట్టుకుని నిలబడింది. ఇక్కడి వాళ్ళెవరికైనా ఆ మాట అర్థమయ్యేది కాదు. అది నా కడుపున పుట్టిన పిల్ల, దానికి అర్థమైంది.

"ఎవురు మా?"

నేను స్పూను వైపు చూస్తూ కూర్చున్నాను.

"మామా? మామ అయితే జాబులెవురు రాస్తారు. అత్తా?"

నేను తల వంచుకున్నాను.

"మీ మిల్లు దగ్గిర సిన్నమ్మా? ఏర్పేడు తాతా?"

ఊళ్ళో వాళ్ళందరినీ అడిగింది. ఒక్క పేరు వదిలేసి అందరి పేర్లూ అడిగింది. చివరికి గిన్నె కింద పెట్టి, "ఇంకొగ పేరుండాది. అది నేను అడగను. నువ్వు సెప్పొద్దు" అంది.

తర్వాత పెట్టెలోంచి మన జాబులన్నీ తీసి మంచం మీద వరసగా పరిచింది. నీ రాత చూడలేదు. ప్రతి కాగితం అడుగున నా వరస మీద వేలు పెట్టి, "ఇది నీ సేతిరాతేనా?" అని అడిగింది. నాదేనన్నాను. రెండోదాని మీద పెట్టింది. నాదే. మూడోది. అన్నీ అయ్యేదాకా అడిగింది. నేను అన్నిటికీ నాదే నాదే అని చెప్పాను. దానికంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

మరుసటి పొద్దున పడవెక్కి పోయింది, నాలుగు రోజులు రాలేదు. కింది ఇంట్లో ఉండే ముసలామె వచ్చింది. నా భాష ఆమెకు రాదు, ఆమెది నాకు రాదు. గోడ మీదున్న రమణ ఫోటో చూపించి చేత్తో సైగ చేశాను. ఆమె కిందికి పోయి వీధివైపు కిటికీలన్నిటికీ తెరలు లాగేసింది. చావు తెలిస్తే ఇక్కడ అట్లా చేస్తారని పాప తర్వాత చెప్పింది. ఎన్నడూ కలవని బిడ్డ కోసం ఆమె తెరలు మూసింది. సొంత అక్కకు మనం తెలియనివ్వలేదు.

పాప తిరిగి వచ్చిన మూడో రోజు తను పని చేసే చోటికి తీసుకుపోయి, చేప చెవిలో నుంచి తీసిన చిన్న రాయిని అద్దం కింద పెట్టి చూపించింది. అందులో గీతలుంటాయి, ఏడాదికి ఒకటి. "ఈ గీత సన్నగా ఉండాది సూడు మా. ఆ ఏడు దీనికి మేత లేదు" అంది. చేపకు కూడా దాచడం చేతకాదు అన్నా. మనకు వచ్చింది.

ఆ సాయంత్రం అడిగింది, జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచి అంతా చెప్పమని. చెప్పాను. వాడి కళ్ళు పచ్చబడింది, అన్నం వద్దన్నది, తిరుపతి ఆసుపత్రిలో మంచం దొరక్క వరండాలో పడుకోబెట్టింది, "అక్కకు రాయొద్దు మా, బయపడతాది" అని వాడే అన్నది, అన్నీ. ఆ మాటకు అది ఒక్కసారి ఏడ్చింది. వాడు అన్నది జ్వరం సంగతి రాయొద్దని. నువ్వు ఆ మాటను చావుకు కూడా వాడుకున్నావు. చివరి రోజు పొద్దున దాకా చెప్పేసరికి చెయ్యెత్తి ఆపింది. "సాలు మా. ఆ మిగిలింది మామ సెప్పల్ల. అబద్దం యాడ రాసినాడో ఆడే నిజం రాయల్ల" అంది.

అందుకే ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. వచ్చే వినాయక చవితి దాటాక వాడి ఏడాది నువ్వే పెట్టేస్తానని, మేం రావలసిన పని లేదని, ఆడపిల్ల అక్కడ ఏం చేస్తుందని రాశావు. మేం లేకుండా పెడితే నాకు అన్న లేడనుకుంటాను. అది వస్తుంది, వాడి దగ్గర కూర్చుంటుంది. కానీ నిజం రాసిన నీ జాబు అందాకే టికెట్టు కొంటుందట. ఆలోగా నెలలు గడిచిపోతాయని నా భయం. దాని మొండితనం నీకు తెలుసు, వాళ్ళ నాయనదే అది.

ఇంకో సంగతి. తమ్ముడికి అది రాసిన జాబులన్నీ నీ అంగడి సొరుగులో ఉన్నాయి. వాడు పోయిన తర్వాత వచ్చినవి కూడా. చదివే కదా నువ్వు బదులు రాసింది. అక్కాతమ్ముళ్ళ మాటలు చదివి, వాడి నోటితో బదులు చెప్పడానికి నీకు చెయ్యెట్లా ఆడింది? విప్పినవి విప్పినట్టే, విప్పనివి విప్పకుండా కట్టి ఉంచు. అది వచ్చి తీసుకుంటుంది. వేపపువ్వు ఎండబెట్టి ఉంటే వదినను దాచమను, వచ్చే ఏటికి.

నువ్వు చెడ్డవాడివని రాయడం లేదు. వాడి పాడె మోసింది నువ్వు, గుంతలో మొదటి మన్ను వేసింది నువ్వు, దాని చదువు పాడుకాకూడదని నీ భయం. అన్నీ తెలుసు. తెలిసినా కోపం పోవడం లేదు. నా మీద నాకున్న కోపం ఆ కోపానికి రెండింతలు.

నా వంతు నేను చేశాను. నిన్న ఒక తెల్ల కాగితం మీద, పాత జాబుల్లో రాసే చోటే, అడుగున రాశాను. "రమణ చనిపోయాడు. అమ్మ." ఇంతే. దానికి ఇచ్చాను. చదివి, మడిచి, మన జాబుల కట్ట మీద పెట్టింది. పెట్టి నాకు అన్నం వడ్డించింది. ఆ కాగితంలో పైన అంతా ఖాళీగానే ఉంది. అది నీ చోటు.

వదినకు నమస్కారాలు. నీ దీవెన నాకు రాయొద్దు, పాపకు రాసే ఆ జాబులో పెట్టు.

నీ చెల్లెలు,
కమల