అద్దాలు ఎత్తిన కారు

11 డిసెంబర్ 1984
భోపాల్ గేస్ ఫొటోలు మా పేపరు ఆఫీసుకు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఎరువుల ఫ్యాక్టరీకి దగ్గరున్న మా కంచరపాలెంలో ఎవరు దగ్గినా గేసే. మా కింద వాటాలో ఉండే టాక్సీ డ్రైవర్ ఎల్లాజీ తన ప్లాన్ చెప్పాడు. గేస్ వదిలితే పెళ్ళాన్ని తీసుకుని షెడ్డులోని అంబాసిడర్‌లో కూర్చుంటాడట. అద్దాలు ఎత్తీసినామంటే దోమైనా దూరదు బావా, అన్నాడు. అతని భార్య చిట్టమ్మకు ఏడో నెల.

14 డిసెంబర్
షెడ్డు తలుపు సందుల్లో గోనె సంచులు కుక్కాడు. కారులో కూర్చుని రేడియో వార్తలు వింటాడట. బేటరీ పాతది కాబట్టి ఇంజను స్టార్టు చేసి ఉంచుతాడట. పొగ ఎటు పోతుందని అడిగాను. ఎనక్కి పోద్ది, మనం ముందు కూకుంటాం కదేటి, అని నవ్వాడు. మూసిన షెడ్డులో ఆ పొగ మనుషుల్ని చంపుతుందని చెప్పాను. దాని వాసన కూడా సరిగా తెలియదన్నాను. రేడియోకి తాళం సగం తిప్పితే చాలు, ఇంజను ఆపి ఉంచమన్నాను. మరి బేటరీ సచ్చిపోతే పారిపోడానికి బండెలగ కదులుద్ది? అన్నాడు. నీకన్నీ అనుమానాలే, పేపరోడివి కదా, అన్నాడు.
చిట్టమ్మ నవ్వలేదు. సముద్రం వైపు చూసి, గాలి ఇటే కొడతంది, అంది.

16 డిసెంబర్
మా ఆవిడ తడిగుడ్డలు బకెట్లో సిద్ధంగా పెట్టింది. గేస్ వస్తే ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికట.

18 డిసెంబర్, సాయంత్రం
నాలుగున్నరకు ఆఫీసు ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. గేస్ వచ్చిందట. ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేశాను. ఫ్యాక్టరీకి చేశాను. రైల్వే గేటు దగ్గర ఎవరో పాత టైర్లు తగలబెట్టారు. అంతే. ఆ కబురు చెప్పడానికి స్కూటర్ మీద ఇంటికి వచ్చాను. వీధి ఖాళీ. షెడ్డు లోపల ఇంజను చప్పుడు.
గోనెలు పీకి తలుపు లాగాను. రేడియోలో ధరవరలు చదువుతున్నారు. ఎల్లాజీ స్టీరింగ్ మీద వాలి ఉన్నాడు. చిట్టమ్మ తల అతని భుజం మీద. తాళం తిప్పి ఇంజను ఆపి ఒక్కొక్కరినీ బయటికి ఈడ్చాను. గాలి తగిలాక ఎల్లాజీ వాంతి చేసుకున్నాడు. చిట్టమ్మ కదల్లేదు.

అదే రోజు, ఏడు గంటలు. ఆసుపత్రి వరండా
ఆక్సిజన్ పెట్టారు. ఇద్దరి గురించీ ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నాడు డాక్టర్. ఇద్దరు అంటే తల్లీ, కడుపులో బిడ్డా.
ఆసుపత్రి గేటు దగ్గర జనం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పడిపోయినారంటే గేస్ వచ్చినట్టే కదా, అంటున్నారు. టాక్సీ స్టాండు వాళ్ళు ఇళ్ళకు పోయి కార్లలో కూర్చుంటారట. అది ఎల్లాజీ చెప్పిన ఉపాయమే. కారు పొగ వల్లే పడిపోయారని నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. కంపెనీవోలు ఎంత ముట్టసెప్పినారు బాబూ, అన్నాడొకడు. అందరూ నవ్వారు. కొందరు గబగబా వెళ్ళిపోయారు.
ఎవరి షెడ్డు ఎక్కడో నాకు తెలియదు.

19 డిసెంబర్, ఉదయం
చిట్టమ్మ కళ్ళు తెరిచింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందట. ఆమె మొదటి మాట: ఆ కిటికీలు మూసీండి.