ఉప్పునీళ్ళలో మెట్టెలు

ఏలూరు
1937 ఆగస్టు, శుక్రవారం రాత్రి

ఒళ్ళంతా అలసటగా ఉంది. గుండెలో పుట్టే కాస్త కరెంటును పెద్దది చేసి చూపే ఆంప్లిఫయరు ఇవాళ మొదటిసారి సరిగ్గా పనిచేసింది. సంతోషించే ఓపిక లేదు.

ఇన్నాళ్ళూ మా ఆవిడ సుందరి మీదే పరీక్షించాను. మెట్లెక్కితే ఆయాసపడుతోంది. చేతికీ పాదానికీ మధ్య ఆ కరెంటు చూడాలని ఆసుపత్రి డాక్టరుగారు అన్నారు. అందుకని ఒక చెయ్యి, ఒక పాదం తీగ తగిలించిన జింకు రేకులున్న ఉప్పునీళ్ళ పళ్ళాల్లో పెట్టించేవాణ్ణి. మీటరు ముల్లు ఒక పక్కకు పోయి అక్కడే ఉండిపోయేది. ఆంప్లిఫయరులో వాల్వులు మార్చాను, తీగలన్నీ విప్పి మళ్ళీ అతికించాను. అదే వరస.

ఇవాళ ఆసుపత్రిలో కొల్లేటి లంక నుంచి వచ్చిన సత్తెమ్మను కూర్చోబెట్టాం. ముల్లు గుండెతోపాటు చక్కగా ఊగింది. "బాగా వచ్చిందమ్మా" అన్నాను.

"నా గుండె బాగుందాండి?"

"బాగున్నది మిషనమ్మా. గుండె సంగతి డాక్టరుగారు చెబుతారు."

ఆమె పాదం తుడుచుకుంటుంటే చూశాను. వేలికి మెట్టె లేదు. భర్త పోయి ఏడాదయిందట.

సుందరి వెండి మెట్టెలు ఉప్పునీళ్ళలో మునిగి, పళ్ళెంలోని జింకు రేకుతో కలిసి బ్యాటరీలా వేరే కరెంటు పుట్టిస్తున్నాయన్నమాట. వాల్వులను ఊరికే తిట్టుకున్నాను.

ఇంటికి రాగానే సుందరి ఎదురొచ్చింది. "మిషను బాగయిందటగా. రేపు నాకు మళ్ళీ చూస్తారాండీ? నేనేమన్నా చెయ్యాలా?"

ఏమీ వద్దన్నాను.

ఇప్పుడు నిద్రపోతోంది. దుప్పటి చివర మెట్టెలు కనిపిస్తున్నాయి. తెల్లారితే వాటిని తీయమని, నేను బతికుండగానే, నేనే అడగాలి.