నూట రెండు డిగ్రీలు

సౌకార్‌పేట, 27-7-1954

చి. సౌ. చెంగమ్మకు అన్న దేవరాజులు ఆశీస్సులు.

రెండు రోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉంది. మీ వదిన పంకజం నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఏమీ లేదు, ఊరుకోండి" అంది. పొద్దస్తమానం పొయ్యి దగ్గరుండే చేతికి నేను చల్లగా కాక ఎలా ఉంటాను? నీ థర్మామీటరు పంపు.

ఇట్లు, అన్న.

తా.క. ఆడి పదునెట్టు పండుగకు నీకు పుట్టింటి చీర, పసుపు కుంకుమ తెస్తాను. ఏ ఏడూ తప్పలేదు కదా.

టి. నగర్, 29-7-1954

అన్నయ్యకు చెంగమ్మ నమస్కారాలు.

మీ కొత్వాల్ చావడి మార్కెట్టుకు వచ్చే కూరగాయల పళని చేత థర్మామీటరు పంపుతున్నాను. పొద్దున నేను వాడినదే, చన్నీళ్ళతో కడిగి పెట్టుకో. తొంభై ఎనిమిది దాటగానే కంగారుపడకు. సాయంత్రం పూట తొంభై తొమ్మిదైనా జ్వరం కాదు. నూరు దాటితేనే జ్వరం.

నీ చెల్లెలు.

తా.క. నాకూ ఒళ్ళు కాస్త వెచ్చగానే ఉంది. ఆయన క్యాంపులో ఉన్నారు. వీలైతే ఒకసారి వచ్చి పో.

సౌకార్‌పేట, 31-7-1954

చి. సౌ. చెంగమ్మకు,

నూట రెండు! కాఫీకి ముందు నూట రెండు, తర్వాతా నూట రెండు. పంకజానికి పెడితే నూట రెండు. పక్కవాటా మాదయ్యకూ అంతే. పాపం, ఆ మాట వినేదాకా తిరుగుతూనే ఉన్నాడు, వినగానే పడుకున్నాడు. ఈ జ్వరంతో నీ ఇంటికి రాలేనమ్మా. నీది ఎండవేడి అయి ఉంటుంది. వెచ్చన వేరు, జ్వరం వేరు.

ఇట్లు, మంచం మీద నుంచి అన్న.

తా.క. పిల్లికీ పెట్టబోయాను. కరిచింది. దానికి బాగానే ఉన్నట్టుంది.

టి. నగర్, 4-8-1954

అన్నయ్యకు,

పండుగ దాటిపోయింది. వస్తావేమోనని చీకటిపడేదాకా వాకిట్లో కూర్చున్నాను. పసుపు పళని చేతే తెప్పించుకున్నాను. నీరసంగా ఉంది, ఎక్కువ రాయలేను.

చెంగమ్మ.

తా.క. పెట్టుకునే ముందు థర్మామీటరు విదిలించావా? విదిలిస్తే గానీ పాదరసం కిందికి దిగదు. చెప్పడం మరిచాను.

సౌకార్‌పేట, 5-8-1954

అమ్మా చెంగమ్మా,

విదిలించాను. నాకు తొంభై ఎనిమిది. పంకజానికీ అంతే. మాదయ్య లేచి రెండు పూటల భోజనం ఒక్కసారే చేశాడు. అందరం నవ్వుతుంటే పంకజం, "మనకెవురికీ లేదు సరే, మరి ఆ నూట రెండు ఎవురిది? ఆడ చెంగమ్మ ఒకతే ఉండాదే!" అంది.

వారం రోజులుగా నీ జ్వరాన్ని నా నోట్లో పెట్టుకొని, నీకు జ్వరం లేదని నీకే రాశాను. నీకు తెలిసీ ఒక్క మాట అనలేదు. నాకు సిగ్గుగా ఉంది, ఏడుపూ వస్తోంది.

బయలుదేరుతున్నాను.

అన్న.

తా.క. లేవలేవేమో, గడియ తీసిపెట్టి పడుకో. అయ్యో, ఈ ఉత్తరం తెచ్చేదీ నేనే కదా! సరే, తలుపు తడతాను, మెల్లగా రా. థర్మామీటరు తెస్తున్నాను గానీ, ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాను.