బాపు కొట్టి చూసిన పోల్

భువనేశ్వర్,
శనివారం.

ప్రభువునందు ప్రియమైన బాపుకు,

నీ బిడ్డ ఎవాంజెలిన్ వందనాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కడ నువ్వూ, అమ్మా, తమ్ముడు శాంతిరాజ్ కూడా బాగున్నారని తలుస్తాను. "మేమంతా" అన్నదాంట్లో నేను పోల్‌వాల్ట్‌లో పట్టుకుని ఎగిరే నా పోల్‌ను కలపలేదు, దాని సంగతి కిందికి వస్తే తెలుస్తుంది. ఈ ఉత్తరం సహస్ర చేతికిచ్చి పంపుతున్నాను. నస్పూర్ పిల్ల, లాంగ్‌జంప్ చేస్తుంది, నీకు తెలుసు కదా. దాని పోటీ అయిపోయింది, ఈ మధ్యాహ్నమే రైలెక్కుతోంది. రేపు సాయంత్రానికల్లా మన క్వార్టర్‌కు వచ్చి నీ చేతికే ఇవ్వాలని దానితో ఒట్టు వేయించుకున్నాను. సోమవారం నువ్వు ఫస్టు షిఫ్టుకు బయల్దేరకముందే దీన్ని చదవాలి.

ముందు నీ ఉత్తరానికి జవాబులు. సహస్రతో పంపిన గరిజెలు అందాయి, మొదటి రోజే అయిపోయాయి. కేరళ పిల్లలు నా మంచం దగ్గర లైను కట్టారు. తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. కూరల్లో కారమే ఉండదు, అమ్మ పెట్టిన మామిడి తొక్కు ఆదుకుంటోంది. మడమ నొప్పి తగ్గింది. ఆదివారం ప్రార్థన మానకు అన్నావు. స్టేడియానికి దగ్గర్లోనే చర్చి ఉంది, రేపు పోతాను. ఈసారి దేవునితో నాకు చాలా పనుంది.

పోటీకి వచ్చినవాళ్లు నాకన్నా పొడుగా అని అడిగావు. పొడుగే. తమిళనాడు అమ్మాయి పక్కన నిలబడితే నేను దాని చెల్లెల్లా ఉంటాను. జాతీయ పోటీ కాబట్టి మొదటి ముగ్గురికే ఇండియా క్యాంపులో చోటు. అందుకే అందరం నవ్వుకుంటూనే ఒకరినొకరం కొలుచుకుంటున్నాం. చివరగా పోల్ ఎట్లుంది, మంచిగ ఎత్తుతుందా అని అడిగావు. దానికి జవాబు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పోయిన నెల నేను కరీంనగర్ నుంచి వస్తుంటే పెద్దపల్లి దాటాక బస్సు మీద కట్టిన తాడు ఊడి పోల్ రోడ్డు మీద పడింది కదా. పైకి చిన్న గీత కూడా కనబడలేదు. అయినా నాకు అనుమానం తీరలేదు. ఇంకో ఇంటి పిల్లయితే కోచ్‌కు చూపించేది. మేం బొగ్గుబాయి మీద పుట్టినవాళ్లం, ఏది గట్టిదో ఏది కాదో తేల్చడానికి మాకు నీ చెవి ఒక్కటే తెలుసు. గనిలో కప్పు కింద దుంగలు నిలబెట్టేముందు గడ్డపారతో పైకి కొట్టి, ఆ చప్పుడు విని, ఉంటుందో పడుతుందో చెప్పేవాడివి నువ్వు. మన ఇంట్లోకి పుచ్చకాయ వచ్చినా, కొత్త కుండ వచ్చినా నీ వేళ్ల దెబ్బ తిన్నాకే లోపలికి వచ్చేది. అందుకని పోల్ కూడా నీకే ఇచ్చాను.

వాకిట్లో రెండు కుర్చీల మీద దాన్ని పడుకోబెట్టి, సుత్తి పిడితో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కొట్టావు. నేను లోపల బ్యాగు సర్దుకుంటున్నాను. "గట్టిగున్నది బిడ్డా. ఏం ఫికర్ లేకుంట దుంకు," అన్నావు. ఇక నేను కోచ్ సారుకు అది పడిన సంగతే చెప్పలేదు.

గురువారం ప్రాక్టీసులో ఆ పోల్ విరిగింది. ఉలిక్కిపడకు, నాకేం కాలేదు. అది వంగి నన్ను పైకి ఎత్తాల్సిన చోట ఫట్‌మని మూడు ముక్కలైంది. నేను వెళ్లి పరుపు అంచు మీద పడ్డాను. ఎడమ అరచెయ్యి కమిలి వాచింది, అంతే. ఇంకో జానెడు పక్కకు పడితే ఇనుప కడ్డీ ఉంది, ఆ మాట మాత్రం అమ్మకు చెప్పకు.

కోచ్ సారు తిట్టలేదు. పెద్ద ముక్క చేతిలోకి తీసుకుని తాళంచెవితో కొట్టుకుంటూ పోయాడు. బాగున్న చోట ఖంగున మోగింది. విరిగిన చోటు ఇంకా రెండు జానలు ఉందనగానే పగిలిన కుండలా బొదబొదమంది. లోపల బీట పాతదే, ఎప్పుడో కింద పడింది అన్నాడు. స్టేడియంలో మైకు మోగుతూనే ఉంది. అంత లొల్లిలో కూడా ఆ తేడా నాకు వినిపించింది, దూరంగా నిలబడ్డ సహస్రకూ వినిపించింది. మన వాకిట్లో ఏ లొల్లీ లేదు బాపు. మరి నీకెందుకు వినబడలేదు?

ఆ సాయంత్రం నీకు ఫోన్ చేశాను. "బాపూ, పోల్ ఇరిగింది," అన్నాను. నువ్వు "మంచిది బిడ్డా, దేవునికి స్తోత్రం," అన్నావు. మళ్లీ గట్టిగా అరిచి చెప్పాను. మంచిది, అన్నం తిని పండుకో అన్నావు. ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి పోయి ఏడ్చాను. పోల్ కోసం కాదు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. చర్చిలో పాట మొదలయ్యాక నువ్వు అమ్మ పెదాల వంక చూసి అందుకుంటున్నావు. టీవీ సౌండు తగ్గిస్తే వార్తలు బాలేవని లేచిపోతున్నావు. మేం నవ్వుకున్నాం, వయసు అనుకున్నాం. నువ్వు రోజూ ఆ చెవులతోనే గనిలోకి దిగుతున్నావని మాలో ఒక్కరికీ తట్టలేదు.

శుక్రవారం నువ్వు డ్యూటీలో ఉన్నంతసేపూ నేను అరువు పోల్‌తో రన్‌వే మీద పరుగెత్తాను గానీ ఒక్కసారీ ఎగరలేకపోయాను. అక్కడ నువ్వు కొడుతుంటావు, కప్పు డొల్లగా పలుకుతుంది, నీకది తెలియదు. "అంద్రెయ అన్న ఉంటదన్నడు" అని నీ మాట నమ్మి నలుగురు మనుషులు నిమ్మళంగా దాని కింద పని చేసుకుంటుంటారు. నేను నీ మాట మీద పోల్ పట్టుకుని ఉరికినట్టే వాళ్లూను. నాకు కింద పరుపు ఉంది బాపు, మీకేముంది?

ఎందుకు దాచావో కూడా నాకు తెలుసు. డాక్టర్లు పనికి అన్‌ఫిట్ అని రాస్తే ఆ నౌకరీ కొడుక్కి వస్తుందని, బాగున్న చెవులు మూసుకుని దవాఖాన చుట్టూ తిరిగేవాళ్లు మన కాలనీలోనే ఉన్నారు. చర్చి బయట నిలబడి వాళ్లను నువ్వు వెక్కిరించని ఆదివారం లేదు. ఇప్పుడు నిజంగానే నీకు వినబడటం లేదంటే, అంద్రెయ కూడా శాంతిరాజ్ కోసం వేషం కట్టాడంటారని నీ భయం. అననీ. అనేవాళ్ల నోళ్లకు మనం తాళం వేయలేం. నీ చెవి గురించి పరీక్ష చెబుతుంది, కాలనీ కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. శుక్రవారం సాయంత్రం కొమురెల్లి కాకకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. నీ దోస్తు అని చేయలేదు, మీ షిఫ్టులో మనుషుల భద్రత చూసే సర్దార్ అని చేశాను. నిన్ను అడగకుండానే చేశాను.

ఆయన అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: "నాకు అనుమానం ఉండె బిడ్డా. మీ బాపు కొట్టి జరిగినంక నేను ఎనుకనుంచి మల్లొకపారి కొట్టి చూస్తున్న. నేను లేని షిఫ్టుల ఏమైతుందో నాకు తెల్వది. ముప్పై ఏండ్ల దోస్తుకు నీ చెవులు పోయినయని ఏ మొఖం పెట్టుకోని చెప్పాలె?"

"నేను చెప్త కాకా," అన్నాను.

శనివారం ఏదో పని చెప్పి నిన్ను పైనే ఉంచుతానన్నాడు. ఉంచాడో లేదో ఇది రాసేటప్పటికి నాకు తెలియదు. సోమవారం మేనేజర్‌తో మాట్లాడి నిన్ను చెవుల పరీక్షకు పంపిస్తాడు. అంటే ఆ రోజు నీకు తలదీపం ఇవ్వరు, గనిలోకి దిగనివ్వరు. ల్యాంపు రూం ముందు పదిమందిలో నువ్వు చెయ్యి చాపి నిలబడ్డప్పుడు ఈ సంగతి తెలియకూడదు, ఇంట్లో కూర్చుని నా మాటగా తెలియాలి. అందుకే సహస్రను అంత తొందర పెట్టాను.

సోమవారం పొద్దున పదింటికి నా ఫైనల్. తమిళనాడు అమ్మాయి తన పాత పోల్ ఇచ్చింది. అది నా బరువుకు కాస్త గట్టి, తొందరగా వంగదు. అరచెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. భయంగానే ఉంది, నీ దగ్గర దాచేదేముంది. నువ్వు గనిలోకి దిగకుండా భూమ్మీదే ఉన్నావని చెప్పడానికి కొమురెల్లి కాక పొద్దున్నే ఫోన్ చేస్తానన్నాడు. ఆ కబురు వచ్చాకే పోల్ ముట్టుకుంటాను.

ముప్పై ఏళ్లు సంపాదించుకున్న పేరును నా బిడ్డ ఒక్క ఫోనుతో తీసేసింది అనుకుంటావు. నిజమే, తీసేశాను. మళ్లీ చెయ్యాల్సి వచ్చినా చేస్తాను. బుధవారం ఇంటికొస్తాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని నీ కడుపు చల్లబడేదాకా తిట్టు, ఒక్క మాట ఎదురు చెప్పను. నన్ను తిట్టడానికి నువ్వు ఉండాలి బాపు.

ఇట్లు
నీ బిడ్డ,
ఎవాంజెలిన్.