తొంభై రెండు పేజీల తీర్పు

చిరంజీవి బుజ్జమ్మకు,

అమ్మ దీవెనలు. మీ నాన్న మోకాళ్ళు తప్ప ఇక్కడ అంతా క్షేమం. నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటాను. నెలాఖరుకు నా ఉద్యోగం అయిపోతుందని ఆయనకు ఇప్పటినుంచే బెంగ. "కోర్టులో వేసే ఆర్డర్లన్నీ ఇక నా మీదే వేస్తావేమో, అప్పీలుకు నేనెక్కడికి పోవాలి?" అంటున్నారు.

నీ ఉత్తరంలో రెండు అడిగావు. వీడ్కోలు సంచికకు నా ఉద్యోగ వివరాలు పంపమన్నావు. ఇక నీ ముందున్న కేసు. జైల్లో ఉన్న ఆ గోదాము వాచ్‌మన్ దొంగతనం చేయలేదని నీకు తేలిపోయినా, కాలేజీలో చదివిన నా తొంభై రెండు పేజీల తీర్పులా రాయాలని నెల రోజులు వాయిదా వేశానన్నావు. అలా రాయడమెలాగో చెప్పమన్నావు. మొదటిది తేలిక.

రాసుకో. మీ తాతయ్య కోర్టులో నకళ్ళు రాసే గుమస్తా. ఒక్క అక్షరం తప్పుపోయినా కాగితం చింపేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. "కొట్టివేతలున్న కాగితానికి విలువుండదే అమ్మాయ్" అనేవారు. సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని నేనూ రాసేదాన్ని, నేనూ చింపేదాన్ని. లా చదివాక తొమ్మిదేళ్ళు ఒక పెద్ద లాయరుగారి వెనక ఫైళ్ళు మోశాను. ఆయన నన్ను మొదటిసారి వాదించనిచ్చింది తనకు జలుబుచేసి గొంతు పోయిన రోజున. తర్వాత నీలాగే మేజిస్ట్రేటునయ్యాను. పదహారేళ్ళు ఊళ్ళు తిరిగాను. ఒకచోట వాన పడితే సాక్షి బోను పక్కకు జరిపి, అక్కడ బకెట్ పెట్టేవాళ్ళం. ఆఖరి పన్నెండేళ్ళు ఈ పెద్ద కోర్టు. అంతే.

సంచికలో ఆ తీర్పు గురించి మాత్రం వేయించకు. ఎందుకు వద్దంటున్నానో మీ నాన్నకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. ఫోన్లో చెప్పే మాట కాదు.

ఆ కేసులో ముద్దాయి ఒక దర్జీ. యజమానిని చంపాడని కింది కోర్టు యావజ్జీవం వేసింది. అప్పీలులో వాదనలు ముగిసి చాంబర్లోకి రాగానే, నాతో బెంచీ మీద కూర్చున్న జడ్జిగారు, "ఇందులో ఏముంది మేడమ్, వదిలేద్దాం" అన్నారు. నేనూ అదే అన్నాను. తీర్పు రాసే పని నా వంతుకు వచ్చింది. 'విడుదల చేస్తున్నాం, కారణాలు తర్వాత' అని ఆ సాయంత్రమే ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. సాక్ష్యాలను ఎలా తూచాలో నా తీర్పు రాబోయే తరాల జడ్జీలకు పాఠంగా నిలవాలనుకున్నాను. మెప్పు కోసమే బుజ్జమ్మా, దానికి ఇంకో పేరెందుకు? రాశాను, చింపాను, మళ్ళీ రాశాను. ఏడు నెలలు గడిచాయి. ఆలస్యం అమృతం విషం అని కాపీబుక్కు నిండా దిద్దినదాన్నే.

తీర్పు చదవడం పూర్తయ్యాక అతని లాయరు లేచాడు. "మా క్లయింటు పదకొండు రోజుల కిందట జైలు ఆసుపత్రిలో పోయాడు మేడమ్. కాగితం ఇంకా మీ దాకా వచ్చినట్టు లేదు" అన్నాడు. వెనక బల్ల మీంచి అతని భార్య లేచి నిలబడింది. ఏడవలేదు, కేకలు వేయలేదు.

"ఆయన చేయలేదని మీకు ఎప్పుడు తెలిసిందమ్మా?" అని అడిగింది.

బంట్రోతు ఆమెను కూర్చోమన్నాడు. నేను తర్వాతి కేసు పిలవమన్నాను.

అదే తీర్పును నువ్వు కాలేజీలో చదివి, "మా అమ్మే రాసిందని క్లాసులో అందరికీ చెప్పానమ్మా" అని సంబరంగా ఫోన్ చేశావు. ఆ రోజు స్నానాల గదిలో కుళాయి విప్పుకుని ఏడ్చాను. ఆమెకు ఇవ్వని జవాబు నీకు చెబుతున్నాను. మొదటి రోజే తెలిసింది.

నీ వాచ్‌మన్ సంగతి నీకూ తెలిసిపోయింది కదా తల్లీ. వాయిదా రోజు దాకా ఆగకు, ఈ ఉత్తరం అందిన రోజే కేసు ముందుకు జరుపు. రెండు పేజీలు చాలు. కొట్టివేతలున్నా ఫరవాలేదు.

నీ తీర్పు నాకు పంపక్కర్లేదు. అతను ఇంటికి చేరాడని రాయి.

ఇట్లు,
మీ అమ్మ