రెక్కలొచ్చిన మిరప కల్లం

పర్చూరు దగ్గర, మిర్చి చేను నుంచి

పిట్టలు చూపించే మెహర్ అమ్మాయికి బుల్లయ్య దీవెనలు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి కాగితం మీద పడ్డాను. కచ్ ఎడారి చూపించావు, బాగుంది. చలికాలం యాత్రలో రెండో సగం మన సముద్రతీరంలో కదా, దాంట్లోంచి నా పేరు తీసేశావట. న్యాయమా అమ్మా?

నేను చేసింది తప్పే. ఆ రోజు కచ్‌లో అప్పుడే తెల్లారుతోంది. ఆ తెల్లటి ఉప్పు నేల మీద నుంచి మంచు మెల్లగా లేస్తోంది. ఎడారి అంచున, కోసేసిన సజ్జ చేలో వందల కొంగలు దిగాయి. అందరూ ఊపిరి బిగబట్టారు. నా చేతులు మాత్రం నన్నడక్కుండా చప్పట్లు కొట్టేశాయి, నోరు "హోయ్ హోయ్" అనేసింది. పుట్టి బుద్ధెరిగాక పిట్ట కనపడితే తోలడమే నా పని. ఆ చేను మనది కాదని కొంగలన్నీ లేచాక గుర్తొచ్చింది. ఒక్క గుంపైనా నన్ను చూసి లేవకుండా కూర్చుంటే కళ్ళారా చూడాలని ఉందమ్మా. అంతే నా కోరిక.

ఇట్లు,
సిగ్గుపడుతున్న బుల్లయ్య

తా.క. కెమెరాతో సహా వెనక్కి పడ్డ పెద్దాయన ఎలా ఉన్నాడు? అంత దూరం వచ్చి నాకు భయపడ్డాడు, పాపం.

*

గుంటూరు

బుల్లయ్య గారికి మెహర్ నమస్కారాలు.

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఉందండి. మీ గొంతు వింటే నాకు ఆ రెక్కల చప్పుడే వినపడుతోంది. మీ ఉత్తరం చదివాక మనసాగక మిగతావాళ్ళని బతిమాలాను. చినగంజాం ఉప్పు మళ్ళ దగ్గరికి రండి. చప్పట్లు కొట్టకూడదు, "హోయ్" అనకూడదు, రెండు చేతులూ జేబుల్లోనే ఉండాలి. ఈసారి కూడా పిట్టలు లేస్తే నా వెంట ఇంకెవరూ రారండి, నా బతుకుతెరువు పోతుంది.

ఉంటానండి,
మెహర్

తా.క. పంచెకి జేబులుండవని మళ్ళీ ఉత్తరం రాయకండి. ప్యాంటు వేసుకుని రండి.

*

మిర్చి చేను

మెహర్ అమ్మకి, తల ఎత్తుకోలేని బుల్లయ్య రాసుకునేది.

చేతులు జేబుల్లోంచి తియ్యలేదు, చూశావు కదా. "హోయ్" కూడా అనలేదు. నేను అన్నది, "ఒరేయ్, కాయల మీద కప్పడానికి పట్టాలు తెండిరా, వానొస్తోంది!" అని.

నా మాట కాస్త విను. పొద్దున్నే కళ్ళలో ఇంకా నిద్ర ఉంది. ఉప్పు మళ్ళు తెల్లగా పరుచుకుని, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంది. దూరంగా ఎకరం మేర ఎర్రెర్రగా కనపడింది. పైన మబ్బు పట్టింది. ఎవరో మిరపకాయలు ఆరబోసి నిద్రపోయారనుకున్నాను. ఒక రైతు ఏడాది కష్టం తడిసిపోతుంటే ఎట్లా ఊరుకునేది? పరిగెత్తాను. కల్లం మొత్తం రెక్కలు విప్పుకుని లేచింది. నా తల మీదుగా పోతుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అవి ఫ్లెమింగోలని నువ్వు ఏడుపు గొంతుతో చెప్పాకే తెలిసింది.

ఇక నీ యాత్రలకి రాను. ఆదివారం పొద్దున నువ్వే మా చేనికి రా, ఒకటి చూపిస్తాను. మా ఆవిడ సుబ్బరావమ్మ భోజనం పెడుతుంది.

ఇట్లు,
బుల్లయ్య

తా.క. వాన మాత్రం నిజంగానే పడింది. ఆ ముక్క నా తరఫున నలుగురికీ చెప్పు.

*

గుంటూరు

బుల్లయ్య గారికి, తప్పు చేసిన మెహర్ నమస్కారాలు.

మీరు ఎవరికైనా చెప్పేలోపే నా వాదన రాసి పంపుతున్నాను. నేను వచ్చేసరికి మీ మిర్చి చేను గట్టున జొన్న కంకుల మీద పిట్టలు ముసిరి ఉన్నాయి. కాపలా మనిషి లేడు. మా నాన్న కౌలు సేద్యం చేసేవాడండి, చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నన్నే కూర్చోబెట్టేవాడు. బుల్లయ్య గారి పంటంతా పోతోందని నా ప్రాణం కొట్టుకుంది. రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టి, "హోయ్ హోయ్" అని అరిచేశాను. గుంపంతా లేచింది. దాని వెనకే జొన్నలోంచి మీ తల లేచింది.

ఆ జొన్న ఈ ఏడు కొయ్యకుండా పిట్టలకే వదిలేశారని, తెల్లారకముందే వచ్చి కదలకుండా కూర్చున్నారని, అవి మీ చుట్టూ వాలి ఉన్నాయని నాకెలా తెలుస్తుందండి? తిడతారనుకున్నాను. "రా అమ్మా, కూర్చో. మళ్ళీ వస్తాయిలే," అని పక్కన చోటిచ్చారు.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఒక్కొక్కటే తిరిగొచ్చి కంకుల మీద వాలుతుంటే మీరు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఇన్నేళ్ళుగా పిట్టల్ని అందరికీ చూపిస్తున్నాను గానీ, తీరిగ్గా కూర్చుని నేను చూసింది ఆ రోజేనండి.

వచ్చే ఆదివారం మా వాళ్ళందరినీ తీసుకొస్తాను. గైడ్ మీరే.

మీ
మెహర్

తా.క. అవి చలిదేశాల నుంచి వచ్చిన గులాబీ గోరింకలండి. ఎగరగొట్టాక గానీ గుర్తుపట్టలేదు. మా వాళ్ళతో మాత్రం అనకండి.