నీళ్లు తాగే గుడ్డ

1943 ఫిబ్రవరి 8
బొంబాయి నుంచి కట్టు గుడ్డ రాక ఆరు వారాలు. యుద్ధానికే చాలడం లేదట. వార్డులో పాత చీరలు ఉడకబెట్టి చింపుతున్నారు. టెండర్ పిలవాలి. ఇన్ని పోగులు, ఇంత వెడల్పు, ఫలానా మిల్లు రకం అని ఎప్పటిలాగే రాసి తీసుకుపోయాను. డాక్టర్ యోసేపుగారు అంతా కొట్టేశారు. గుడ్డ ఎట్లా నేయాలో మనం చెప్పొద్దు, అది ఏం చేయాలో మాత్రం రాయండి అన్నారు. నీళ్లలో వేస్తే పది లెక్కపెట్టేలోగా మునగాలి. పుండు మీద పోగులు జరగకూడదు. పదిసార్లు ఉడకబెట్టినా నిలవాలి.

ఇది టెండరా, పొడుపుకథా? పన్నెండేళ్లుగా ఈ ఆసుపత్రిలో స్టోర్స్ గుమాస్తాను. ఇట్లాంటిది ఎన్నడూ రాయలేదు. రాశాను.

ఫిబ్రవరి 27
రెండే టెండర్లు వచ్చాయి. ఒకటి ఇక్కడి ఆదోని వ్యాపారి బాలకృష్ణయ్య సెట్టిగారిది. గోదాములో ఉన్న మిల్లు గుడ్డ, ధర తక్కువ. నాకు ఈ ఉద్యోగం ఆయన సిఫారసుతోనే వచ్చింది. రెండోది ఎమ్మిగనూరు నేతగాడు సిద్ధప్పది. రెండు శాంపిళ్లూ బేసిన్‌లో వేశాం. రెండూ తేలాయి.

సాయంత్రం
సిద్ధప్ప గుడ్డ ఇరవై గజాలు ట్రయల్ కింద కొనమంటున్నారు డాక్టర్‌గారు. మునగని గుడ్డ కొనడానికి ఏ రూల్ ఉంది అని అడిగాను. ఓడిపోయే పని కోసం ఎవరు మగ్గం ఆపుకుంటారు, మళ్లీ ప్రయత్నించడానికి అతనికి ఆసరా ఉండాలి కదా అన్నారు. ఇష్టం లేకుండానే అనుమతి కోసం బళ్లారి జిల్లా ఆఫీసుకు రాశాను.

మార్చి 6
జవాబు లేదు.

మార్చి 13
"ట్రయల్" అన్న మాట కింద ఎర్రసిరాతో గీత గీసి, సరే అన్నారు బళ్లారివాళ్లు.

మార్చి 16
ట్రయల్ గుడ్డ డబ్బు ఇవ్వడానికి, పెట్రోలు లేక బొగ్గుతో నడుస్తున్న బస్సులో ఎమ్మిగనూరు పోయాను. సిద్ధప్ప సిగ్గుపడుతూ మగ్గం మీద నుంచి లేచాడు. "గంజి పెట్టకుంటే పోగు తెగిపోతాది సామీ. పెడితే గుడ్డ నీళ్లు తాగదు" అన్నాడు.

లోపల నూలు చుడుతున్న అతని భార్య భీమమ్మ, నేసినాక చవుడుమన్నులో ఉడకేస్తే గంజి పోతాదని తాను ఎప్పటి నుంచో సెప్తాండానని, ఈయప్ప వినడని అంది. తర్వాత నన్నే అడిగింది. "ఈ గుడ్డ యాడ పెడతారన్నా? కాలిన పుండు మీదనా, కోసిన పుండు మీదనా?"

నాకు తెలియదు. మంచాలు లెక్కపెట్టడానికి తప్ప వార్డులోకి పోయింది లేదు. "కనుక్కోని సెప్పన్నా" అంది.

మార్చి 17
వార్డుకు పోయాను. దూది మిషన్లో చెయ్యి నలిగిన హంపమ్మకు కట్టు విప్పుతున్నారు. చీర గుడ్డ పోగులు పచ్చి పుండుకు అంటుకుపోయాయి. డ్రెస్సర్ చిమ్టాతో ఒక్కొక్కటే లాగుతున్నాడు. ఆమె ఏడవలేదు. పైకప్పు దూలాలు చూస్తూ పడుకుంది. నేను చివరిదాకా నిలబడలేకపోయాను.

చూసిందంతా భీమమ్మకు ఉత్తరం రాశాను. ఆఫీసు ఉత్తరం కాదు. సిద్ధప్ప చదివి వినిపిస్తాడు.

ఏప్రిల్ 9
సిద్ధప్ప కొత్త గుడ్డ తెచ్చాడు. చవుడుమన్నులో ఉడకబెట్టారట, నాలుగు లెక్కపెట్టేసరికి మునిగింది. గోటితో గీరాను. పోగు జరగలేదు. ఎట్లా అన్నాను. "తడిక అల్లేటప్పుడు పుల్ల పుల్లకూ రెండు తాళ్లు మెలేస్తారు గదా సామీ, పుల్ల కదలదు. పడుగు పోగులు గూడా అట్ల జతజతగా మెలెయ్యల్ల అనింది మా ఆడమనిషి" అన్నాడు. పోగులు మెలిపడేటట్టు మగ్గానికి దారపు ఉచ్చులు కట్టడానికే పది దినాలు పట్టిందట. చెబుతూ నవ్వాడు.

నిన్నటిదాకా పోగులన్నీ నిలువు, అడ్డం అనుకున్నాను.

ఏప్రిల్ 12
సెట్టిగారిని పిలిపించి, ఆయన ఎదుటే పరీక్ష చేశాను. ఆయనది మళ్లీ తేలింది. సిద్ధప్పది పదిసార్లు ఉడకబెట్టినా నిలిచింది. ధర ఎక్కువైనా సిద్ధప్పదే తీసుకోవాలని రాసి సంతకం పెట్టాను. సెట్టిగారు తడిసిన సిద్ధప్ప గుడ్డను చాలాసేపు వేళ్ల మధ్య నలిపి చూశారు. "రూలు ప్రకారమే చేసినావులే వెంకటేశులూ" అన్నారు. తెప్పించిన కాఫీ తాగలేదు. సాయంత్రం బజారులో నమస్కారం పెడితే చూడనట్టు పోయారు.

ఏప్రిల్ 14
మొన్న హంపమ్మకు సిద్ధప్ప కొత్త గుడ్డతో కట్టిన కట్టు ఇవాళ మార్చారు. ఈసారి నిలబడ్డాను. విప్పితే ఒక్క పోగూ అంటుకోలేదు. ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగింది హంపమ్మ. అప్పటికే అయిపోయింది.

మే 3
బళ్లారి నుంచి నాలుగు నెలల ఆర్డర్. ఒక షరతు: ఇకపై టెండర్‌లో ఈ మెలినేత పద్ధతే నియమంగా రాయాలట. వద్దని జవాబు రాశాను. గుడ్డ ఏం చేయాలో మాత్రమే రాస్తాం, రేపు ఇంకెవరైనా ఇంతకంటే మంచిది నేయవచ్చు అని. డాక్టర్‌గారు చెప్పకముందే రాశాను. ఆయన చదివి ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు.

జూన్ 14
బస్సు డ్రైవర్ ఒక మూట ఇచ్చాడు. అదే మెలినేత, కన్నాలు కొంచెం పెద్దవి, వెడల్పు ఎక్కువ. భీమమ్మ చెప్పగా సిద్ధప్ప రాసిన చీటీ ఉంది. గాలి దూరుతాదట, దోమ దూరదట, మంచానికి కట్టి చూడమంది.

మేము అడగలేదు.